కూరగాయలు ఎక్కువగా, పాస్తా తక్కువగా: ఇంట్లో వండుకోవడం ఎలా?

మునగచెట్టు, విజయవాడ

అందరికీ నమస్కారం. మా పిల్లలు తరచుగా పాస్తా అడుగుతున్నారు. బయట దొరికే తెల్ల సాస్ పాస్తాలో వెన్న, మైదా, చీజ్ దండిగా ఉంటాయి కానీ, కూరగాయ అన్నది నాలుగు క్యాప్సికం ముక్కలకు మించి కనిపించదు. మా మామయ్యగారికి మధుమేహం, అత్తయ్యగారికి రక్తపోటు ఉన్నాయి. పెద్దలకు ఒక వంట, పిల్లలకు ఒక వంట చేసే పద్ధతి నాకు నచ్చదు. అందరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినగలిగేలా, కూరగాయలు నిండుగా ఉండే పాస్తా వండాలని నా కోరిక. అసలు ఏ పాస్తా కొనాలి, మనిషికి ఎంత కొలవాలి, మన సంతలో దొరికే కూరగాయల్లో ఏవి దీనికి కుదురుతాయి, చీజ్ లేకుండా రుచి వస్తుందా అన్నవి నా సందేహాలు. మేము గుడ్డు కూడా తినని శాకాహారులం. అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

అడ్రియాటిక్ తీరం, బారి

మునగచెట్టు గారూ, నేను దక్షిణ ఇటలీలోని పుల్యా ప్రాంతంలో, బారి నగరంలో చదువుకుంటున్నాను. ఇక్కడి ఇళ్లలో పాస్తా వండే తీరు చూశాక, మన దగ్గర హోటళ్లలో ఆ పేరుతో వడ్డించే పదార్థానికీ దీనికీ పోలిక లేదని అర్థమైంది. ఈ ప్రాంతపు పేదల వంటలో కూరగాయ అలంకారం కాదు, కూరగాయే సాస్. మీ ప్రశ్నలన్నింటికీ నాకు తెలిసిన మొదటి జవాబు అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇక్కడి పాత పట్టణంలో ఆర్కో బాస్సో వీధిలో ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని, చిన్న చెవుల ఆకారంలో ఒరెక్కియెత్తె అనే పాస్తాను చేత్తో ఒత్తుతారు. అందులో పడేది డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ నుంచి వచ్చే సన్నని రవ్వ, నీళ్లు, అంతే, గుడ్డు పడదు. దీన్ని ఎక్కువగా చీమె ది రాపా అనే ఆకుకూరతో వండుతారు. ఆ ఆకుకూర మన ఆవాకుకు దగ్గరి చుట్టం, అదే రకమైన చిరుచేదు, ఘాటు ఉంటాయి. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, ఉప్పు వేసి, పాస్తానూ ఆకుకూరనూ ఆ నీటిలోనే కలిపి ఉడికిస్తారు. పక్కన మూకుడులో ఆలివ్ నూనె, చిదిమిన వెల్లుల్లి, ఎండుమిర్చి వేగుతుంటాయి. చాలామంది అందులో ఉప్పు చేప ముక్క కూడా కరిగిస్తారు. మీరు దాన్ని వదిలేయవచ్చు. ఉడికిన పాస్తాను, ఆకుకూరను వార్చి ఆ మూకుడులో వేసి, ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పోసి, పెద్ద మంటమీద గట్టిగా కలుపుతారు. అంతటితో వంట పూర్తయినట్టే.

ఆ ఒక గరిటెడు నీళ్లను దయచేసి తేలికగా తీసుకోకండి. పాస్తా ఉడికేటప్పుడు దానిలోని పిండి పదార్థం కొంత నీటిలోకి దిగి, నీళ్లు పలచని గంజిలా మారతాయి. ఆ గంజి వేడి నూనెతో కలిసినప్పుడు రెండూ విడిపోకుండా చిక్కబడి, పాస్తాకు పూతలా పట్టుకుంటాయి. వెన్న, మైదా, క్రీము చేసే పనిని ఇక్కడ గంజి చేస్తుంది. అందువల్ల నీళ్లన్నీ పారబోయకుండా ఒక పెద్ద కప్పుడు తీసి పక్కన పెట్టుకోవడం, వార్చిన పాస్తాను చన్నీళ్లతో కడగకపోవడం, ఉడికే నీటిలో నూనె పోయకపోవడం చాలా అవసరం. నూనె పట్టిన పాస్తాకు సాస్ సరిగ్గా అంటుకోదు.

కొలత విషయానికి వస్తే, ఇక్కడ ఒకరికి 80 గ్రాముల ఎండు పాస్తా మామూలు లెక్క. మీరు 60 గ్రాములకు తగ్గించి, మనిషికి 200 గ్రాముల కూరగాయలు తీసుకోండి. అంటే నలుగురికి 240 గ్రాముల పాస్తా, 800 గ్రాముల పచ్చి కూరగాయలు అవుతాయి. మొదటిసారి తూచినప్పుడు కూరగాయల కుప్ప మరీ ఎక్కువనిపిస్తుంది కానీ, మగ్గిన తరువాత అది సరిగ్గా సరిపోతుంది.

రాగిచెంబు, హైదరాబాద్

నేను ఆహార శాస్త్రం చదివినదాన్ని కాబట్టి, ఏ పాస్తా కొనాలన్న ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. పాకెట్టు ముందువైపు బొమ్మలను వదిలేసి, వెనకవైపు పదార్థాల జాబితా చదవండి. అందులో డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉంటే మంచిది. మైదా మొదట కనిపిస్తే తీసుకోవద్దు. ఇటలీలో తయారై అక్కడే అమ్ముడయ్యే ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమతోనే చేయాలని 1967లో చట్టమే వచ్చింది. మన దేశంలో అలాంటి నిబంధన లేదు కనుక చూసి కొనే బాధ్యత మనది. డ్యూరమ్ మనకు కొత్త ధాన్యం కూడా కాదు. మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతంలో దాన్ని పండిస్తారు; మన కిరాణా కొట్లలో పసుపుపచ్చగా కనిపించే బన్సీ రవ్వ దాని నుంచి వచ్చేదే.

మామయ్యగారి మధుమేహం గురించి కూడా ఒక మాట. డ్యూరమ్ పాస్తాలో మాంసకృత్తుల వల గట్టిగా అల్లుకుని, పిండి రేణువులను తన లోపల బిగించి ఉంచుతుంది. అందువల్ల మైదా రొట్టెతో పోలిస్తే పాస్తా నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర కూడా నెమ్మదిగా పెరుగుతుంది. అయితే అది పాస్తా పలుకుగా ఉన్నంతవరకే. మెత్తబడేదాకా ఉడికిస్తే ఆ వల వదులై, పిండి పదార్థం త్వరగా అరిగిపోతుంది. కాబట్టి పాకెట్టు మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే ఒక ముక్క కొరికి చూడండి. మధ్యలో సన్నని పలుకు మిగిలి ఉండగానే వార్చేయాలి, ఎందుకంటే మూకుడులో అది ఇంకాస్త ఉడుకుతుంది. నెమ్మదిగా అరిగినా అది పిండి పదార్థమేనని మరవకూడదు. 100 గ్రాముల ఎండు పాస్తాలో సుమారు 70 గ్రాములకు పైగా పిండి పదార్థాలే ఉంటాయి. ఆయనకు 50 గ్రాములు చాలు. ఆ పూట అన్నం, చపాతీ మానేయాలి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో ఒకసారి చూసుకుంటే ఆయన శరీరం సంగతి ఆయనకే తెలుస్తుంది. మందులు వాడుతుంటే వైద్యుణ్ణి కూడా ఒక మాట అడగండి.

పైన చెప్పిన 200 గ్రాముల కూరగాయల లెక్క నాకు ఎంతో నచ్చింది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంటున్నాయి. ఒక్క పూట పాస్తాతోనే అందులో సగం అందుతుందన్న మాట. మనం సాధారణంగా అన్నంలో కలుపుకునే కూర అందులో ఎంత ఉంటుందో ఒకసారి తూచి చూడండి.

జొన్నచేను, మహబూబ్‌నగర్

ఇంత చర్చలో చిరుధాన్యాల ప్రస్తావన రాకపోవడం నాకు బాధ కలిగించింది. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న పాస్తా తయారీ పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. మన నేల మీద, మన వానకు పండే జొన్నను పక్కన పెట్టి, ఎక్కడి నుంచో వచ్చిన గోధుమ పాస్తాను ఆరోగ్యం పేరుతో సిఫారసు చేయడం న్యాయం కాదు. జొన్న పాస్తా కొనండి, రైతుకూ మేలు జరుగుతుంది.

రాగిచెంబు, హైదరాబాద్

జొన్నచేను గారూ, మీ ఆవేదన సరైనదే, జొన్న పాస్తా నేనూ వండుతాను. అయితే కొనేవారికి రెండు విషయాలు తెలియాలి. గోధుమ పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే మాంసకృత్తి జొన్నలో లేదు కాబట్టి ఒట్టి జొన్నపిండితో చేసిన పాస్తా ఉడికేటప్పుడు విరిగి, ముద్దకట్టే అవకాశం ఎక్కువ. అందుకే మార్కెట్‌లో ఉన్న చాలా చిరుధాన్యాల పాస్తాలలో గోధుమ రవ్వ కలుస్తుంది. దీనిలో తప్పేమీ లేదు కానీ, గోధుమ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు పెద్ద అక్షరాల్లో జొన్న అని ఉంది కదా అని కొంటే ప్రమాదం. పదార్థాల జాబితా చదవక తప్పదు. రెండవది, జొన్న, రాగి పాస్తాలు పలుకు దశ నుంచి ముద్ద దశకు చాలా త్వరగా వెళ్లిపోతాయి, పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. పలచని టమాటా సాస్ కంటే గట్టిగా ఉండే వంకాయ, పప్పు సాస్‌లు వీటికి బాగా నప్పుతాయి.

టెక్సాస్ గోంగూర, డాలస్

ఇక్కడ అంగళ్లలో మామూలు తెల్ల పాస్తాతో పాటు ముడి గోధుమ పాస్తా, శనగపిండి పాస్తా, ఎర్ర కందిపప్పు పాస్తా అన్నీ దొరుకుతాయి. ముడి గోధుమ పాస్తాలో పీచు తెల్లదానికి రెండింతలకు పైగా ఉంటుంది. పప్పు పాస్తాలో 100 గ్రాములకు 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. మా అబ్బాయి ముడి గోధుమ పాస్తాను మొదట్లో పళ్లెం అంచుకు నెట్టేసేవాడు. సగం తెల్లది, సగం ముడి గోధుమది కలిపి వండాను, మెల్లగా అలవాటు పడ్డాడు. రెండింటికీ ఉడికే సమయం వేరు కాబట్టి ముడి గోధుమది ముందుగా వేయాలి.

అమెరికాలో అమ్మే తెల్ల పాస్తాకు ఎక్కువగా ఇనుము, బి విటమిన్లు కలుపుతారు, 1998 నుంచి అలా బలవర్ధకం చేసిన పాస్తాలో గర్భిణులకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం కూడా తప్పనిసరి అయింది. ముడి గోధుమ పాస్తాకు సాధారణంగా వీటిని కలపరు. ఇక్కడున్న గర్భిణులు ఈ తేడాను గమనించాలని నా మనవి.

మునగచెట్టు, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. డ్యూరమ్ రవ్వ పాస్తా తెచ్చాను, ఆవాకు దొరకక పాలకూరతో వండాను. పెద్దలకు చాలా నచ్చింది. గంజి పోసి కలిపినప్పుడు అది చిక్కబడిన తీరు చూసి మా మామయ్యగారు ఆశ్చర్యపోయారు. పిల్లలు మాత్రం ఆకుకూరను ఏరి పక్కన పెట్టి, తెల్ల సాస్ కావాలంటున్నారు. మైదా, వెన్న లేకుండా తెల్ల సాస్ చేసే మార్గం ఏమైనా ఉందా?

అడ్రియాటిక్ తీరం, బారి

ఉంది, అది వెతికి కనిపెట్టాల్సిన కొత్త చిట్కా కూడా కాదు. సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో కాలీఫ్లవర్ పాస్తా పాత ఇంటి వంట. కాలీఫ్లవర్‌ను గరిట తగిలితే చిదిగేంత మెత్తగా ఉడికించి తీసి, ఆ నీటిలోనే పాస్తా వేస్తారు. మూకుడులో సన్నగా తరిగిన ఉల్లిపాయను మగ్గించి, అందులో ఉడికిన కాలీఫ్లవర్ వేసి, గరిటతో నలుపుతూ, గంజి పోస్తూ ఉంటే అదే చిక్కని సాస్ అవుతుంది. పలెర్మో వాళ్లు దానిలో కుంకుమపువ్వు, ఎండుద్రాక్ష, పైన్ గింజలు వేస్తారు. ఉప్పు చేప కూడా పడుతుంది. పిల్లల కోసం మీరు కుంకుమపువ్వు, చేప మానేసి, నలిగిన కాలీఫ్లవర్‌లో అర కప్పు పాలు, నాలుగు నానబెట్టిన జీడిపప్పులు వేసి మిక్సీలో మెత్తగా తిప్పండి. అచ్చం తెల్ల సాస్ రంగే వస్తుంది. నలుగురికి అర కిలో కాలీఫ్లవర్ పడుతుంది. అదంతా సాస్‌లో కలిసిపోతుంది కనుక, ఏరి పక్కన పెట్టడానికి పిల్లలకు కూరగాయ విడిగా కనిపించదు. కాకపోతే, ఎప్పుడూ ఇలా దాచి పెట్టడం మంచిదని నేను అనను. మరోసారి బఠాణీలు, క్యారెట్ ముక్కలు విడిగా కనిపించేలా వేయండి, కళ్లకు కూడా అలవాటు కావాలి.

పోపులపెట్టె, రాజమహేంద్రవరం

కాలీఫ్లవర్ సరే, మన వంకాయను ఎలా మరిచిపోయారు? సిసిలీలోనే కతానియా నగరానికి పేరు తెచ్చిన పాస్తా అల్లా నోర్మా వంకాయ, టమాటా వంటే. అక్కడ వంకాయను నూనెలో వేయిస్తారు, వంకాయ ఎంత నూనె తాగుతుందో మనకు చెప్పనక్కర్లేదు. నేను చేసే పద్ధతి ఇది. అర కిలో వంకాయలను పెద్ద ముక్కలుగా కోసి, కొద్దిగా ఉప్పు చల్లి అరగంట ఉంచి, ఊరిన నీటిని పిండేస్తాను. ఇనుప పెనం మీద రెండు చెంచాల నూనెతో, మూత పెట్టకుండా, అన్ని వైపులా ఎర్రగా కాల్చుతాను. వేరే మూకుడులో నూనె, వెల్లుల్లి, ఆ పైన అర కిలో నాటు టమాటాల గుజ్జు వేసి, నూనె అంచులకు తేలేవరకు మగ్గనిస్తాను. టమాటాను నూనెతో కలిపి ఉడికిస్తే అందులోని లైకోపీన్ అనే ఎర్రని పోషక పదార్థం ఒంటికి బాగా అందుతుందని పోషకాహార నిపుణులు చెబుతారు కాబట్టి, ఇక్కడ తొందరపడకూడదు. మన హైబ్రిడ్ టమాటాలకు పులుపు చాలకపోతే చిటికెడు చింతపండు రసం వేయడానికి నేను వెనకాడను. ఇటలీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, మా ఇంటి నాలుకకు మాత్రం అదే కుదిరింది.

బీరకాయ కూడా దీనికి చక్కగా పనికివస్తుంది. నేపుల్స్‌కు దక్షిణాన నెరానో అనే తీరగ్రామంలో గుమ్మడి కుటుంబానికే చెందిన జుకీనీతో పాస్తా వండుతారు. జుకీనీ ఇప్పుడు మన పెద్ద ఊళ్లలో దొరుకుతోంది కానీ ఖరీదు. లేత బీరకాయను చక్రాలుగా కోసి పెద్ద మంటమీద వేయిస్తే నీళ్లు వదలకుండా ఉంటుంది. ముదురు బీరకాయ మాత్రం వద్దు, పీచు నోటికి తగులుతుంది. సొరకాయ వేశాను కానీ దానికి రుచి చాలదు. బెండకాయ జిగురు వల్ల ఎంత మాత్రం కుదరదు. దొండకాయ సంగతి ఎవరైనా చేసి చూసి చెప్పండి.

అందరికీ అడగాలనిపించే తులసి ఆకు గురించి కూడా చెబుతాను. పాస్తాలో వేసేది మన పూజ తులసి కాదు, దాని ఘాటు వేరు. ఫలూదాలో వేసే సబ్జా గింజలు వచ్చే రుద్రజడ మొక్క, ఇటలీ వాళ్ల బాసిల్, రెండూ ఒకే జాతి. సబ్జా గింజలను కుండీలో చల్లితే మొలకలు వస్తాయి. దాని వాసన ఇటలీ రకమంత తియ్యగా ఉండకపోయినా వంటకు పనికివస్తుంది. ఆకును పొయ్యి ఆపాకనే తుంచి వేయాలి.

మునగచెట్టు, విజయవాడ

కాలీఫ్లవర్ సాస్ పిల్లలు గిన్నె తుడిచి మరీ తిన్నారు. ఇప్పుడు చీజ్ ప్రశ్న మిగిలింది. పర్మెసాన్ శాకాహారమేనా? అత్తయ్యగారి రక్తపోటుకు ఉప్పు ఎంత తగ్గించాలి?

రాగిచెంబు, హైదరాబాద్

ఇటలీ నుంచి వచ్చే అసలైన పర్మెసాన్, అంటే పార్మిజానో రెజ్జానో, శాకాహారం కాదు. పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడాలన్నది దాని తయారీ నిబంధనల్లోనే ఉంది. మన దేశంలో తయారై, పాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్‌లు కొనండి. వాటిలో సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైమును వాడతారు. అయితే చీజ్‌లో ఉప్పు ఎక్కువ, ఒకరికి ఒక చెంచా తురుము మించకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఇటలీలో లీటరు నీటికి 10 గ్రాములు వేస్తారు. మీరు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు వేసి, సాస్‌లో ఉప్పు వేయకండి. పోసే గంజిలో ఉన్నదే సరిపోతుంది. తక్కువైన ఉప్పును వెల్లుల్లి, మిరియాలు, చివర్లో పిండే నిమ్మరసం చాలావరకు పూడుస్తాయి. నా దృష్టిలో అసలు ప్రమాదం మసాలా పొట్లంతో వచ్చే తక్షణ పాస్తాలతోనే. వాటి వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి, దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఆ లెక్క వేసి చూసినవారు ఆ పాకెట్టును మళ్లీ కొనడానికి ఆలోచిస్తారు.

అడ్రియాటిక్ తీరం, బారి

చీజ్ కొనలేని దక్షిణ ఇటలీ పేదలు దాని బదులు నిలవ రొట్టె పొడిని కొద్ది నూనెలో కరకరలాడేలా వేయించి పాస్తాపై చల్లుకునేవారు, ఇప్పటికీ చల్లుకుంటారు. మీరు ముడి గోధుమ బ్రెడ్ రెండు ముక్కలను ఎండబెట్టి, పొడి చేసి, ఒక చెంచా నూనె, వెల్లుల్లితో వేయించండి. నువ్వులు కూడా కొంచెం కలిపితే మరీ బాగుంటుంది. నూనె ఆలివ్‌దే కావాలన్న పట్టుదల అవసరం లేదు, గానుగ వేరుశనగ నూనె సరిపోతుంది. ఏ నూనె అయినా సాస్‌కూ దీనికీ కలిపి నలుగురికి మూడు పెద్ద చెంచాలు దాటనివ్వకండి.

మాంసకృత్తుల కోసం శనగలు వేయడం ఇక్కడ పాత అలవాటు. రాత్రి నానబెట్టిన శనగలను కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, సగం నలిపి, సగం గింజలుగా ఉంచి, ఆ నీటిలోనే చిన్న గొట్టాల పాస్తాను ఉడికిస్తారు. చివర్లో వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడతారు. మామయ్యగారికి ఇది అన్నింటికంటే మేలైన రకమని నా అభిప్రాయం, ఎందుకంటే పాస్తాను 40 గ్రాములకు తగ్గించినా శనగలతో కడుపు నిండుతుంది.

మునగచెట్టు, విజయవాడ

చివరిగా ఒక ప్రశ్న. దీన్ని పిల్లల బడి డబ్బాలో పెట్టవచ్చా? పెట్టినప్పుడు మధ్యాహ్నానికి ముద్దకట్టి ఎండిపోతోంది.

పోపులపెట్టె, రాజమహేంద్రవరం

పెట్టవచ్చు. పొడవాటి స్పగెట్టి కాకుండా మెలికల ఫ్యుజిల్లి గానీ, గొట్టాల పెన్నె గానీ తీసుకోండి. మామూలు కంటే ఒక నిమిషం ముందే వార్చి, సాస్‌ను కావలసినదానికంటే పలచగా ఉంచండి, ఎందుకంటే చల్లారే కొద్దీ పాస్తా నీటిని పీల్చుకుంటుంది. కాలీఫ్లవర్ పాల సాస్ మధ్యాహ్నానికి పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి మన వేసవిలో డబ్బాకు వద్దు. టమాటా, వంకాయ సాస్ అయితే ఇబ్బంది ఉండదు. ఆవిరి పోయేదాకా పళ్లెంలో ఆరబెట్టి, అప్పుడు మూత పెట్టండి. రొట్టె పొడిని చిన్న పొట్లంలో విడిగా ఇస్తే తినే ముందు వాళ్లే చల్లుకుంటారు.